బాపు కన్ను, రెండు ఆస్పత్రులు
పత్తి చేనులో కట్టె ఎగిరొచ్చి మా బాపు కుడికంటికి తగిలింది. మొదట పోయిన చోట లైటు వేసి చూసి, లెన్స్ తెల్లబడ్డది, రేపే ఆపరేషన్, ఏ ప్యాకేజీ కావాలి అన్నారు. రెటీనా (కంటి వెనకాల పొర) సంగతి అడిగితే తర్వాత చూద్దామట! టెన్షన్‌తో ఆ రాత్రి ఇంట్లో ఎవరికీ నిద్ర లేదు.

ఇంకొకరికి చూపిద్దామని హన్మకొండలోని ఈ చిన్న ఆస్పత్రికి వచ్చాం. డాక్టరమ్మ కంటి ప్రెషర్ చూశారు, లెన్స్ మసక వల్ల వెనకాల ఏమీ కనబడట్లేదని బి-స్కాన్ (కంటికి చేసే అల్ట్రాసౌండ్) చేయించారు, రెటీనా ఊడలేదని తేలాకే ఆపరేషన్ మాటెత్తారు. కనుగుడ్డు చిరిగినా, రెటీనా ఊడినా ఆగడానికి లేదు గానీ ఇది దెబ్బకు వచ్చిన శుక్లం, వాపు తగ్గాక చేసుకోవచ్చు, ఈలోపు ప్రెషర్ పెరగకుండా చూసుకోవాలి అని బాపుకే అర్థమయ్యేలా చెప్పారు. మేం మెడికల్ షాపులో అడిగి తెచ్చిన స్టెరాయిడ్ చుక్కలు చూసి మాత్రం గట్టిగా తిట్టారు, కట్టె తగిలిన కంట్లో ఫంగస్ ఉంటే అవి ఇంకా ముదురుస్తాయట.

టోకెన్ ఉన్నా మూడు గంటలు కూర్చోవాలి, అదొక్కటే విసుగు. కంటిపాప పెద్దదయ్యే చుక్కలు వేస్తారు, కాసేపు చూపు మసకగా ఉంటుంది, బండి నడపడానికి తోడు మనిషిని తీసుకుపోండి. మేం వచ్చే నెలకు డేటు తీసుకున్నాం. నాలుగు స్టార్లు.