అడ్వాన్స్ బిల్లా, ప్రయర్ బిల్లా: సముద్ర దిగుమతికి ఏది మేలు?

"ఇప్పుడే ఫైల్ చేసేద్దామా, ఐజీఎం పడ్డాక చూద్దామా?" విశాఖలో కస్టమ్స్ క్లియరెన్స్ పని చేసే నన్ను దిగుమతిదారులు పదేపదే అడిగే ప్రశ్న ఇది. ఫైల్ చేసేది బిల్ ఆఫ్ ఎంట్రీ, అంటే దిగుమతి సరుకు వివరాలతో కస్టమ్స్‌కి ఇచ్చే పత్రం. ఐజీఎం అంటే ఓడలో ఏ సరుకు వస్తోందో షిప్పింగ్ లైన్ కస్టమ్స్‌కి ఇచ్చే జాబితా. కొత్తవాళ్లే కాదు, ఏళ్లుగా కంటెయినర్లు తెప్పించుకుంటున్నవాళ్లూ అడుగుతారు. ఒక్కొక్కరికి విడిగా చెప్పేకంటే నా అభిప్రాయం ఇక్కడ రాసేస్తే మంచిదనిపించింది.

మూడో దారి ఒకటుంది: ఓడ వచ్చాక తీరిగ్గా నార్మల్ బిల్లు వేయడం. దాని గురించి ఎక్కువ చెప్పను. 2021 మార్చి చివర్లో కస్టమ్స్ చట్టం 46వ సెక్షన్ మారినప్పటి నుంచి, ఓడ వచ్చే రోజుకి ముందు రోజు ముగిసేలోపే బిల్ ఆఫ్ ఎంట్రీ పడాలి. సెలవు రోజులూ లెక్కలోకే వస్తాయి. ఓడ సోమవారం వస్తుంటే మీ గడువు ఆదివారం. శ్రీలంక, బంగ్లాదేశ్, మయన్మార్, మాల్దీవులు, పాకిస్తాన్‌ల నుంచి వచ్చే సరుకుకి మాత్రం ఓడ వచ్చిన రోజు దాకా వీలుంది. గడువు దాటితే మొదటి మూడు రోజులు రోజుకి 5,000 రూపాయలు, ఆ తర్వాత రోజుకి 10,000. ఐదు రోజులు ఆలస్యమైతే 35,000. సరైన కారణం చూపిస్తే మాఫీ అడగొచ్చు కానీ, దాన్ని నమ్ముకుని వ్యాపారం చేయలేం.

కాబట్టి అసలు పోటీ రెండింటి మధ్యే. షిప్పింగ్ లైన్ ఐజీఎం వేయకముందే ఫైల్ చేసే అడ్వాన్స్ బిల్లు ఒకటి, ఐజీఎం పడ్డాక ఎంట్రీ ఇన్‌వర్డ్‌కి (సరుకు దించడానికి ఓడకి కస్టమ్స్ ఇచ్చే అనుమతికి) ముందు వేసే ప్రయర్ బిల్లు ఒకటి. ఓడ రావచ్చనుకున్న తేదీకి 30 రోజుల ముందు నుంచీ ఫైల్ చేసే వెసులుబాటు ఉంది.

ప్రయర్ వైపు మొగ్గేవాళ్ల భయాలు ఉత్తవి కావు. చైనా నుంచి విశాఖకి వచ్చే పెట్టె చాలాసార్లు సింగపూర్‌లోనో పోర్ట్ క్లాంగ్‌లోనో కొలంబోలోనో ఓడ మారుతుంది. అక్కడ ఫీడర్ (మన రేవుకి తెచ్చే చిన్న ఓడ) తప్పిపోతే అనుకున్న ఓడ ఒకటి, వచ్చేది ఇంకొకటి. బిల్ ఆఫ్ లేడింగ్ (షిప్పింగ్ లైన్ ఇచ్చే సరుకు రసీదు) నంబరులో ఒక్క అక్షరం తేడా ఉన్నా, ప్యాకేజీల లెక్క కుదరకపోయినా ఐజీఎంతో లింక్ అవ్వదు. అమెండ్‌మెంట్ (సవరణ) పెట్టాలి, దానికి ఫీజు, తిరుగుడు. ప్రయర్‌లో ఈ బెడద చాలా తక్కువ, ఎందుకంటే ఐజీఎం వివరాలు చూసుకునే ఫైల్ చేస్తాం. పైగా అడ్వాన్స్‌లో ముందే సుంకం కట్టేస్తే, ఓడ లేటయిన రోజులన్నీ ఆ డబ్బు ఇరుక్కుపోతుంది. ఏఈఓ (నమ్మకమైన వ్యాపారులకి కస్టమ్స్ ఇచ్చే గుర్తింపు) టియర్-2, టియర్-3 హోదా ఉన్నవాళ్లకి వాయిదా చెల్లింపు సౌకర్యం ఉంది కాబట్టి వాళ్లకి ఈ బాధ లేదు. మిగిలినవాళ్లలో చాలామందికి ఉంది.

సుంకం రేటు విషయంలో మాత్రం చాలామంది పొరబడుతున్నారు. ముందే బిల్లు వేస్తే పాత రేటు ఖాయమైపోతుందని అనుకుంటారు. కాదు. 15వ సెక్షన్ ప్రకారం ముందుగా వేసిన బిల్లుకి ఎంట్రీ ఇన్‌వర్డ్ రోజున ఉన్న రేటే వర్తిస్తుంది. 2024 సెప్టెంబర్ 14న ముడి పామాయిల్, సోయా, పొద్దుతిరుగుడు నూనెల మీద ప్రాథమిక కస్టమ్స్ సుంకం సున్నా నుంచి 20 శాతానికి పెరిగింది. అప్పటికే అడ్వాన్స్ బిల్లు పడి, ఓడ ఇంకా సముద్రంలో ఉన్నవాళ్లకి కొత్త రేటే. మారకం రేటు సంగతి వేరు, అది బిల్లు వేసిన రోజుది తీసుకుంటారు. నెలకి రెండుసార్లు ఆ రేట్లు మారుతుంటాయి కాబట్టి రూపాయి పడిపోతున్న రోజుల్లో ముందు ఫైల్ చేస్తే కొంత కలిసొస్తుంది, బలపడుతుంటే అంతే పోతుంది. ఈ రెండు లెక్కల్లో ఏదీ నిర్ణయాన్ని తిప్పేంత పెద్దది కాదని నా నమ్మకం.

నిర్ణయాన్ని తిప్పేది క్వెరీ, అంటే బిల్లు చూసే అధికారి అడిగే ప్రశ్న. 2020 అక్టోబర్ 31 నుంచి దేశమంతా ఫేస్‌లెస్ అసెస్‌మెంట్ నడుస్తోంది. మీ సరుకు విశాఖలో దిగినా, బిల్లు చూసే అధికారి వేరే నగరంలో ఉండొచ్చు. ఆ అధికారి ముందు కూర్చుని కేటలాగ్ చూపించి వివరించే అవకాశం లేదు. అడిగేదీ జవాబిచ్చేదీ అంతా ఆన్‌లైన్‌లోనే. యంత్ర భాగం అనుకోండి, దేనికి వాడతారు, టెక్నికల్ రైటప్ ఏది, ఈ హెచ్ఎస్ కోడ్ (సరుకు వర్గీకరణ సంఖ్య) ఎందుకు, ఇంత ధర ఎందుకు అని అడుగుతారు. మనం సప్లయర్‌ని అడిగి, కాగితం తెప్పించి, కస్టమ్స్ పత్రాల ఆన్‌లైన్ వేదిక ఈ-సంచిత్‌లో ఎక్కించి జవాబు పెడతాం. మళ్లీ ఇంకో ప్రశ్న రావచ్చు. ఇలా రెండు విడతలు నడిస్తే రోజులు ఇట్టే గడిచిపోతాయి.

ఆ రోజులు ఎక్కడ గడుస్తున్నాయన్నదే నాకు ముఖ్యం. అడ్వాన్స్ బిల్లులో అవి ఓడ ప్రయాణంలో గడుస్తాయి, వాటికి మీరు ఎవరికీ అద్దె కట్టరు. ప్రయర్ బిల్లుని ఆఖరి రోజున వేస్తే అవే రోజులు పెట్టె రేవు బయటి కంటెయినర్ యార్డు అయిన సీఎఫ్ఎస్‌లో కూర్చున్నాక గడుస్తాయి. గ్రౌండ్ రెంట్ (యార్డు అద్దె) ఒకవైపు, ఫ్రీ డేస్ (ఉచిత గడువు) అయిపోతే షిప్పింగ్ లైన్ తన కంటెయినర్ మీద వేసే డిటెన్షన్ రుసుము ఒకవైపు. అమెండ్‌మెంట్ ఖర్చు ఒక్కసారితో పోతుంది, ఇవి రోజురోజుకీ పెరుగుతాయి. డీపీడీ (డైరెక్ట్ పోర్ట్ డెలివరీ) తీసుకునేవాళ్లకైతే వేరే దారే లేదు. టెర్మినల్ నుంచి నేరుగా పెట్టె తీసుకెళ్లడానికి మామూలుగా దొరికేది 48 గంటలు, అది దాటితే పెట్టెని సీఎఫ్ఎస్‌కి తరలిస్తారు. క్వెరీ పెండింగ్‌లో ఉన్న బిల్లుతో ఆ గడువు అందుకోవడం కష్టం.

ఎప్పుడూ అదే సరుకు, అదే సప్లయర్, బిల్లు కస్టమ్స్ రిస్క్ అంచనా వ్యవస్థ ఆర్ఎంఎస్‌లో ఫెసిలిటేట్ అయి అడ్డు లేకుండా దాటిపోతోంది అంటే తేడా చాలావరకు తగ్గిపోతుంది. అలాంటి ఖాతాదారులు ప్రయర్‌తో నడుపుకుంటానంటే నేను వాదించను. కొత్త ఐటమ్, కొత్త దేశం, ధర మీద అనుమానం రాగల సరుకు అయితే మాత్రం అడ్వాన్స్ వేయమని గట్టిగా చెబుతాను. 30 రోజుల ముందు కాదు, బిల్ ఆఫ్ లేడింగ్ డ్రాఫ్ట్ మీద కూడా కాదు. ఫైనల్ కాపీ చేతికొచ్చి, ఓడ మొదటి రేవు వదిలిందని తెలిశాక. అప్పుడు వేస్తే నంబరు తప్పులు చాలామటుకు ఉండవు, క్వెరీకి సరిపడా రోజులూ మిగులుతాయి.

ఒక్క సందర్భంలో ఆగమంటాను. థాయిలాండ్, మలేషియాల నుంచి ఆసియాన్ (ఆగ్నేయాసియా దేశాల కూటమి) ఒప్పందం కింద రాయితీ సుంకంతో తెచ్చుకునేవాళ్లకి, సర్టిఫికెట్ ఆఫ్ ఆరిజిన్ (సరుకు ఏ దేశంలో తయారైందో చెప్పే పత్రం) ఇంకా రాలేదంటే ఆగాలి. 2020 సెప్టెంబర్‌లో అమల్లోకి వచ్చిన కారొటార్ (ఒప్పంద రాయితీకి సరుకు మూలదేశాన్ని రుజువు చేసే) నిబంధనల వల్ల, రాయితీ అడిగేనాటికే ఆ సర్టిఫికెట్, దాని వెనక సమాచారం మీ దగ్గర ఉండాలి. లేకుండా వేస్తే పూర్తి సుంకమో, ప్రొవిజనల్ (తాత్కాలిక) అసెస్‌మెంటో. ప్రయాణం కొద్ది రోజులదే కాబట్టి, సప్లయర్‌ని వెంటబడి తెప్పించుకుని, గడువు రోజున ప్రయర్ వేయడమే నయం.

బాండ్‌లో పెట్టే సంగతి, అంటే సుంకం కట్టకుండా సరుకుని కస్టమ్స్ గిడ్డంగిలో ఉంచడం గురించి కొందరు అడుగుతారు. సుంకం తగ్గుతుందన్న గట్టి నమ్మకం ఉన్నప్పుడో, సరుకు విడతలుగా అమ్ముకునేటప్పుడో అది పనికొస్తుంది. సుంకానికి మూడింతల బాండు (హామీ పత్రం) రాసివ్వాలి, 90 రోజులు దాటితే 15 శాతం వడ్డీ. ఇన్-బాండ్ బిల్లు (గిడ్డంగిలో పెట్టడానికి వేసే బిల్లు)కైనా ఫైలింగ్ గడువు అదే, ఆలస్యం చేస్తే లేట్ చార్జీ కూడా అదే.