డ్యూయల్ ప్రాసెసర్ సిస్టమ్ (రెండు ప్రాసెసర్లు వేసిన కంప్యూటర్) కొనేముందు ఆగండి, నాకు జరిగింది చదవండి

పెళ్ళి వీడియోలు, ఆల్బమ్ డిజైనింగ్ చేసుకునే అన్నలూ తమ్ముళ్ళూ, ముఖ్యంగా మన గుంటూరు బెజవాడ వైపు వాళ్ళు, దయచేసి పూర్తిగా చదవండి. నా డబ్బులు ఎలాగూ పోయాయి, మీవి పోకూడదు.

నాది గుంటూరు. మాఘమాసం ముహూర్తాల లోపు పాత ఐ5 సిస్టమ్ మార్చేద్దామని బెజవాడలో ఒక షాపుకెళ్ళా, పేరు రాయను. నేనడిగింది ఏఎండీ కంపెనీ ప్రాసెసర్ రైజెన్ 7 5700ఎక్స్, 8 కోర్లది (కోర్ అంటే ప్రాసెసర్ లోపల పని చేసే భాగం). ఆయనేమో "అది ఒక్కటే ప్రాసెసర్ అండి, అదే రేటుకి రెండు జియాన్లు వేసిస్తా, 28 కోర్లు 56 థ్రెడ్లు, మీ పని పరిగెడుతుంది" అన్నాడు. 28 అనగానే ఇంకేం ఆలోచించలేదు, 41 వేలు కట్టేసి తెచ్చుకున్నా.

వేసింది ఈ5-2680 వి4 లు రెండు, ఇంటెల్ వాళ్ళు సర్వర్ల కోసం చేసే జియాన్ రకం. అవి 2016లో వచ్చినవి, పాత సర్వర్లలోంచి తీసిన సెకండ్ హ్యాండ్ సరుకు, ఆ మాట నాకు చెప్పనే లేదు. ఒక్కో కోర్ టర్బోలో, అంటే గరిష్ట వేగంలో కూడా 3.3 గిగాహెర్ట్జ్ దాటదు, నేనడిగిన రైజెన్ 4.6 దాకా వెళ్తుంది. ఫోటోషాప్‌లో ఆల్బమ్ షీట్ తెరిచి లేయర్లు కదుపుతుంటే ఎక్కువ భాగం ఒకటి రెండు కోర్ల మీదే నడుస్తుంది, మిగతావి ఖాళీగా కూర్చుంటాయి, అంటే నా పాత ఐ5కీ దీనికీ చేతికి తెలిసేంత తేడా లేదు.

ఇంకా ఘోరం, నెల తర్వాత టాస్క్ మేనేజర్‌లో పెర్ఫార్మెన్స్ చూస్తే సాకెట్స్ 1 అని ఉంది, అంటే ఒక్క ప్రాసెసరే పనిచేస్తోంది! షాపులో వేసింది విండోస్ 10 హోమ్, హోమ్ ఎడిషన్ ఒక్క ప్రాసెసర్‌నే వాడుకుంటుంది, రెండూ పనిచేయాలంటే కనీసం ప్రో ఉండాలి. నెల రోజులు రెండోది ఊరికే పడుంది. ప్రో వేయించి మూత తీసి చూస్తే ర్యామ్ మొత్తం ఒక ప్రాసెసర్ పక్క స్లాట్లలోనే గుచ్చారు, రెండోదానికి ఏం కావాలన్నా మొదటిదాని గుండా వెళ్ళి తెచ్చుకోవాల్సిందే. చెరిసగం సర్దాక కొంచెం నయం. పైగా విండోస్ 10కి 2025 అక్టోబర్ 14తో సపోర్ట్ అయిపోయింది, విండోస్ 11 సపోర్ట్ లిస్టులో ఈ ప్రాసెసర్లు లేవు.

కరెంటు సంగతి కూడా చెప్పాలి. ఒక్కోటి 120 వాట్లు, రెండు కలిపి 240, ఆ రైజెన్ 65. మన ఎండల్లో చిన్న గదిలో ఇది పెట్టుకుని కూర్చోలేం, కరెంటు పోతే నా పాత యూపీఎస్ నిమిషం కూడా ఆపట్లేదు.

డ్యూయల్ అసలు పనికిరాదని కాదు, బ్లెండర్ అనే 3డీ సాఫ్ట్‌వేర్‌లో ఇళ్ళ ఎలివేషన్లు ప్రాసెసర్ మీద రెండర్ చేసేవాళ్ళకి అన్ని కోర్లూ పనిచేస్తాయి, వాళ్ళకి ఉపయోగమే. మన ఎడిటింగ్‌కి మాత్రం కొత్త జనరేషన్ సింగిల్ ప్రాసెసరే తీసుకోండి, మిగిలిన డబ్బులు ర్యామ్‌కీ ఎస్ఎస్‌డీకీ పెట్టండి.

వాపసు అడిగితే "అమ్మిన సరుకు తీసుకోం" అన్నాడు. నా దగ్గరున్నది తెల్ల కాగితం చీటీ. మీరు జీఎస్టీ బిల్లు లేకుండా డబ్బులివ్వకండి, అందులో ప్రాసెసర్ మోడల్ నంబరు, కొత్తదా పాతదా అన్నది రాయించుకోండి. నేను 1915 కన్స్యూమర్ హెల్ప్‌లైన్‌కి కంప్లైంట్ పెట్టా, డబ్బులిచ్చిన ఫోన్‌పే స్క్రీన్‌షాట్ ఒక్కటే నా దగ్గరున్న ఆధారం.