సెర్చ్ కన్సోల్‌లో ఆ కంట్రీ ఫిల్టర్, మూడేళ్ళు వాడాక

గూగుల్‌లో జనం ఏం వెతికితే మన సైట్ కనిపిస్తోందో ఫ్రీగా చూపించేదే సెర్చ్ కన్సోల్. దాని వివరాలేంటి, సైట్‌కి ఎలా కనెక్ట్ చేయాలి అనేవి నేను రాయట్లేదు, అవి ఎక్కడైనా దొరుకుతాయి. నేను రాసేది అందులో ఒకే ఒక్క దాని గురించి. పెర్ఫార్మెన్స్ పేజీలో పైన ఫిల్టర్ పెట్టుకునే చోట కంట్రీ అని ఉంటుంది చూడండి, అది. మూడేళ్ళలో బయటి దేశాల కీవర్డ్‌ల (అంటే జనం గూగుల్‌లో టైప్ చేసే మాటల) కోసం నేను పెట్టిన డబ్బు, పాడుచేసుకున్న నిద్ర అంతా ఒక ఎత్తు, ఫ్రీగా ఉన్న ఆ చిన్న ఫిల్టర్ ఒక ఎత్తు.

మాది కృష్ణా జిల్లా పెడన. బ్లాక్ ప్రింట్ కలంకారీ. మామగారిది నాలుగు బల్లల షెడ్డు, పనిచేసేవాళ్ళు ఏడుగురు, వెబ్‌సైట్ పని నాది. మొదలుపెట్టినప్పుడు మా ఆయన ఒక్కటే మాటన్నారు, సైట్ ఖర్చుతో కలిపి నెలకి 2,000 దాటకూడదు అని. నేను చెప్పేదంతా ఆ 2,000 లెక్కలోంచి చెప్పేదే, మీ బడ్జెట్ వేరైతే మీ అభిప్రాయం కూడా వేరే అవ్వచ్చు.

మొదట్లో అందరిలాగే కీవర్డ్‌లు వెతికిపెట్టే ఒక పెయిడ్ టూల్ పట్టుకున్నా. పేరు వద్దు. ట్రయల్ అంటే కార్డు నంబర్ ఇచ్చా, క్యాన్సిల్ చేయడం ఒక్క రోజు లేటైంది, 99 డాలర్లు కట్ అయిపోయాయి, టాక్స్ అదీ కలిపి 9,000 దాటింది. ఆ రోజు ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. షెడ్డులో ఒక మనిషి పదిహేను రోజులు నిలబడి అచ్చులు కొడితే వచ్చే కూలి అది. పోయిన డబ్బు ఎలాగూ పోయింది కదా అని ఆ నెలంతా రాత్రిళ్ళు కూర్చుని వాడా. లిస్టులైతే బాగానే ఇచ్చింది, ఇండియన్ ఫ్యాబ్రిక్, కాటన్ బెడ్‌షీట్, ఇలాంటివి పక్కన పెద్ద పెద్ద నంబర్లతో. కానీ ఆ మాటలు గూగుల్‌లో కొట్టి చూస్తే మొదటి రెండు పేజీలూ పెద్ద పెద్ద మార్కెట్‌ప్లేస్‌లే, మనలాంటి వాళ్ళకి అక్కడ కాలు పెట్టే జాగా కూడా ఉండదు.

తర్వాత గూగుల్ యాడ్స్‌లో ఉండే కీవర్డ్ ప్లానర్, ఏ మాట నెలకి ఎంతమంది వెతుకుతారో చెప్పేది. అది నేను ఇప్పటికీ వాడతా, ఫ్రీ, దేశం వేరుగా భాష వేరుగా పెట్టుకోవచ్చు. కాకపోతే యాడ్స్‌కి డబ్బు పెట్టని అకౌంట్‌లో నంబర్ బదులు రేంజ్ కనిపిస్తుంది, 100 నుంచి 1,000 అని, 1,000 నుంచి 10,000 అని. 150 మంది వెతికే మాటకీ 900 మంది వెతికే మాటకీ అక్కడ తేడా తెలీదు. గూగుల్ ట్రెండ్స్‌లో మరీ కొద్దిమంది వెతికే చిన్న మాటలు కొడితే డేటా చాలదని వచ్చేస్తుంది. మేం వెతుక్కునేవన్నీ ఆ చిన్న మాటలే.

ఇక అసలు సంగతి. సైట్ పెట్టిన ఏడెనిమిది నెలలకి ఒక ఆదివారం ఖాళీగా ఉండి కన్సోల్‌లో దేశాల లిస్టు చూస్తున్నా. ఇండియా, అమెరికా, ఇంగ్లండ్ తర్వాత నెదర్లాండ్స్ ఉంది, మూడు నెలలకి 112 ఇంప్రెషన్లు (అంటే మన సైట్ అన్నిసార్లు వెతుకులాటలో కనిపించింది), క్లిక్కులు మాత్రం సున్నా. మాకు అక్కడ ఎవరూ తెలీదు, ఒక్క ఆర్డర్ కూడా లేదు. ఆ దేశం మీద నొక్కి ఫిల్టర్ పెట్టి, జనం వెతికిన మాటలుండే క్వెరీస్‌లోకి వెళ్ళి, క్లిక్కుల వరస తీసేసి ఇంప్రెషన్ల వరసలో పెట్టా (ఇది ముఖ్యం, క్లిక్కుల వరసలో ఉంటే సున్నా క్లిక్కుల మాటలన్నీ అడుక్కి వెళ్ళిపోతాయి, మనకి కావాల్సినవి అక్కడే ఉంటాయి). అన్నిటికంటే పైన ఉన్న మాట ‘సిట్స్ స్టోఫ్’. ఇంగ్లీషు అక్షరాల్లో చూస్తే సిట్, అంటే కూర్చోవడం, దానికి ఎస్ చేర్చినట్టుంది. ఎవరో తప్పు టైప్ చేశారనుకుని వదిలేశా. నెల తర్వాత మళ్ళీ చూస్తే అదే మాట, ఈసారి దాని కింద ‘సిట్స్ కాటూన్’ అని ఇంకోటి. కాటూన్ అంటే కాటన్ అని అర్థమైంది కానీ సిట్స్ ఏంటో అర్థం కాలేదు.

ఫోన్ పట్టుకుని షెడ్డులోకి వెళ్ళా. మామగారు కరక్కాయ నీళ్ళలోంచి గుడ్డ తీసి పిండుతున్నారు, చేతులు మోచేతుల దాకా పసుప్పచ్చగా ఉన్నాయి. మామయ్యగారూ, నెదర్లాండ్స్ వాళ్ళు ఏదో సిట్స్ అని వెతుకుతున్నారండీ, మన సైట్ చూపిస్తోంది, ఏమై ఉంటుంది అని అడిగా. ఆయన తలెత్తకుండానే, “నెదర్లాండ్స్ అంటే వలందులేగా అమ్మా, సిట్స్ అంటే మన చీటేనేమో చూడు” అన్నారు.

చీటి గుడ్డ. పూలు అద్దిన నూలు గుడ్డని మా వైపు పెద్దవాళ్ళు అలాగే అంటారు. ఇంటికొచ్చి వెతికితే ఆయన అన్నది అక్షరాలా నిజం. హిందీలో ఛీంట్, ఇంగ్లీషులో చింట్స్, డచ్చిలో సిట్స్, అంతా ఒక మాట బిడ్డలే. 1600ల మొదట్లో డచ్చి కంపెనీ వాళ్ళు బందరులో కొట్లు పెట్టి ఓడల్లో పట్టుకెళ్ళిన గుడ్డే ఇది. స్టోఫ్ అంటే బట్ట. బందరులో వలందపాలెం మీదుగా నేను ఎన్నిసార్లు వెళ్ళి ఉంటానో లెక్కలేదు, ఆ పేరు హాలండు వాళ్ళ వల్ల వచ్చిందని కూడా చిన్నప్పుడే విన్నా, కానీ ఆ వలందులు ఇవాళ్టికీ ఫోన్‌లో అదే గుడ్డ కోసం వెతుకుతున్నారని, అది నా సైట్ లెక్కల్లో ఒక లైనుగా కనిపిస్తుందని ఎప్పుడూ అనుకోలేదు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

మా సైట్ దానికి ఎందుకు కనిపించింది అంటే, మా మరిది సైట్‌లో ‘మా కథ’ పేజీకి నాలుగు ముక్కలు రాస్తూ, డచ్చివాళ్ళు దీన్ని సిట్స్ అంటారు అని ఎక్కడో చదివింది ఒక వాక్యం పెట్టాడు. ఆ ఒక్క వాక్యానికే గూగుల్ 47వ స్థానంలో ఎక్కడో మమ్మల్ని చూపిస్తోంది. అంటే 47 దాకా వెళ్ళి చూసేవాళ్ళు కూడా ఉన్నారు, వాళ్ళకి కావాల్సింది దొరకట్లేదు అన్నమాట.

ఐండ్‌హోవెన్‌లో ఉద్యోగం చేస్తున్న మా పెద్దాడపడుచు కూతురికి ఫోన్ చేశా. అత్తా, నాకు ఆఫీసులో సరిపడే డచ్చే వచ్చు, బట్టల డచ్చి రాదు అంది, కానీ వాళ్ళ ఆఫీసులో ఒక పెద్దావిడని అడిగి కనుక్కుంది. ఆవిడ చెప్పిందేంటంటే స్పాకెన్‌బర్గ్ లాంటి ఊళ్ళలో ఆడవాళ్ళ పాతకాలం కట్టులో భుజాల మీద గంజిపెట్టి బిరుసుగా చేసిన పూల గుడ్డ వేసుకుంటారట, క్రాప్‌లాప్ అంటారు దాన్ని, పాత సిట్స్ ముక్కలకి వాళ్ళలో చాలా విలువట. ఆవిడే నాలుగు వాక్యాలు రాసిచ్చింది. ‘స్టోఫ్ పర్ మీటర్’ అనాలని, కుషన్ కవర్‌ని ‘కుస్సెన్‌హూస్’ అంటారని, టేబుల్ రన్నర్ ‘టాఫెల్‌లోపర్’ అని. నేను ఒక్క పేజీ మాత్రం డచ్చిలో పెట్టా. మాది చెక్క అచ్చుతో అద్దింది, చేత్తో గీసిన పాతకాలం సిట్స్ కాదు అని కూడా అందులో స్పష్టంగా రాయించా, తర్వాత మాట పడకూడదని. నాలుగు నెలలకి 47 కాస్తా 9కి వచ్చింది. మొదటి ఆర్డర్ ఒక మీటరు శాంపిల్, తెల్ల నేల మీద ఎర్ర పూలు, చిన్న పువ్వు కావాలని. ఆ పార్సెల్ మీద అడ్రస్ నేనే చేత్తో రాశా.

ఇప్పుడు చూడండి, ఆ పెయిడ్ టూల్ ఉన్న నెలలో దించుకున్న ఫైల్ ఒకటి నా దగ్గరుంది, చింట్స్‌కి సంబంధించి అన్ని దేశాల మాటలూ ఉన్న లిస్టు. తీసి చూస్తే ఈ మాట అందులో ఉంది, పక్కన వాల్యూమ్, అంటే వెతికేవాళ్ళ లెక్క, సున్నా. నేనే ఆ సున్నాలన్నీ తీసేసి లిస్టు శుభ్రం చేసుకున్నా అప్పుడు. పెద్ద కంపెనీకి అది నిజంగానే సున్నా అయ్యుండచ్చు, నాలుగు బల్లల షెడ్డుకి నెలకి పది మంది చాలు, అంతకంటే ఎక్కువమంది వచ్చినా మేం చేసివ్వలేం కూడా. నాకు ఈ ఫిల్టర్ మీద ఇంత ప్రేమ ఎందుకంటే ఇదే. అది అంచనా వేసి చెప్పదు, ఫలానా దేశంలో ఎవరో నిజంగా టైప్ చేస్తే నీ సైట్ కనిపించింది అని చెబుతుంది.

ఇది చూశాక ఒక్కో దేశాన్నీ విడిగా తీసి చూడటం అలవాటైంది. ఇంగ్లండ్ వాళ్ళు టీ టవల్ అంటే అమెరికా వాళ్ళు డిష్ టవల్ అంటారు, ఇంగ్లండ్‌లో కుషన్ కవర్ అయితే అమెరికాలో త్రో పిల్లో కవర్, ఇంగ్లండ్‌లో మీటర్లు అమెరికాలో యార్డులు. ఆస్ట్రేలియాలో దుప్పటి గలేబుని డూనా కవర్ అంటారు. అక్కడిదే ఇంకోటి, కీవర్డ్ ప్లానర్‌లో ఆస్ట్రేలియా పెడితే బెడ్‌షీట్ల పక్కన ‘మాంచెస్టర్’ అని వచ్చేది, ఇంగ్లండ్‌లో ఊరు కదా అని కొట్టేస్తూ వచ్చా. ఒక కస్టమర్ మెయిల్‌లో మీ దగ్గర ఇంకేమైనా మాంచెస్టర్ ఉందా అని అడిగితే అప్పుడు తెలిసింది, వాళ్ళకి మాంచెస్టర్ అంటే దుప్పట్లు, తువ్వాళ్ళు, ఇంట్లో వాడే గుడ్డలన్నీ అని.

ఇంతగా మెచ్చుకున్నా కదా, కొన్ని చెప్పకపోతే అన్యాయం. కొత్త సైట్‌కి ఇది ఎందుకూ పనికిరాదు, మీరు ఎక్కడో ఒకచోట కనిపిస్తేనే అందులో లైను వస్తుంది. మా మరిది ఆ వాక్యం రాయకపోయి ఉంటే సిట్స్ అనే మాట నాకు ఈ జన్మలో కనిపించేది కాదు. అందుకే ఇప్పుడు ప్రతి ప్రొడక్ట్ కింద ఆ వస్తువుకి ఇతర దేశాల్లో ఉన్న పేర్లు ఒక వాక్యంలో సహజంగా వచ్చేలా రాస్తున్నా, గాలం వేసినట్టు. అలాగే మరీ కొద్దిమంది వెతికిన మాటల్ని ప్రైవసీ కోసం గూగుల్ చూపించదు, చిన్న దేశాల్లో పైన మొత్తం 60 ఇంప్రెషన్లు ఉంటే కింద లైన్లన్నీ కలిపినా 25 రావు. మిగతావి ఏంటో మనకి తెలీదు.

దేశం పేరు చూసి మోసపోకూడదు కూడా. అమెరికా ఫిల్టర్ పెడితే మొదట్లో తెగ సంబరపడ్డా, తీరా చూస్తే కలంకారీ బ్లౌజ్ మెటీరియల్, పెన్ కలంకారీ దుపట్టా, అన్నీ డల్లాస్‌లో న్యూజెర్సీలో ఉన్న మనవాళ్ళే. వాళ్ళూ కస్టమర్లే, కాదనట్లేదు, కానీ వాళ్ళకి కావాల్సింది చీరకి మ్యాచింగ్, దసరాకి ముందు. అక్కడి వాళ్ళు వెతికేది బ్లాక్ ప్రింట్ ఫ్యాబ్రిక్ బై ద యార్డ్ అని. రెండూ వేరు వేరు పేజీలు చేయాల్సి వచ్చింది.

ఇంకో నష్టం నా చేతులారా జరిగింది. డేటా 16 నెలలదే ఉంటుంది, ఆ తర్వాత పాతది పోతూ ఉంటుంది. నాకు ఆ సంగతి తెలుసు, అయినా దించుకోలేదు. సిట్స్ మొదటిసారి కనిపించిన ఆ మూడు నెలల లెక్కలు ఇప్పుడు నా దగ్గర లేవు, డైరీలో రాసుకున్న 112, 47 తప్ప. అప్పట్నుంచి ప్రతి నెలా మొదటి ఆదివారం ఒక్కో దేశానిదీ షీట్‌లోకి దించి పెడుతున్నా.

ఎవరైనా నా దగ్గర 3,000 ఉన్నాయి ఏం చేయను అంటే, నేను చేసింది చెబుతా. ఇంగ్లండ్‌కి మాత్రమే రోజుకి 200 చొప్పున పదిహేను రోజులు సెర్చ్ యాడ్ పెట్టా, అమ్మకాల కోసం కాదు, సెర్చ్ టర్మ్స్ రిపోర్ట్ కోసం. జనం టైప్ చేసిన మాటలు అక్కడా కనిపిస్తాయి, సైట్‌కి ర్యాంక్ లేకపోయినా సరే. కుషన్ కవర్‌కి సెంటీమీటర్ల సైజు కలిపి వెతుకుతారని నాకు అక్కడే తెలిసింది, అమెరికాకి పెట్టినట్టు అంగుళాలు పెట్టి కూర్చున్నాం అప్పటిదాకా. అమ్మిందైతే రెండే రెండు కవర్లు.

కాబట్టి నా మాట ఏంటంటే, చేతిపని చేసేవాళ్ళు, వస్తువుకి పాత చరిత్ర ఉన్నవాళ్ళు, సైట్ పెట్టి కనీసం ఆరు నెలలైనవాళ్ళు అయితే డబ్బు పెట్టి ఏదీ కొనకముందు ఈ ఫిల్టర్ దగ్గర ఒక ఆదివారం కూర్చోండి. ఫోన్ కవర్లో టీషర్టులో అమ్మేవాళ్ళకి ఇది ఇలాగే పనిచేస్తుందని నేను చెప్పలేను, అక్కడ పోటీ వేరు. మాకు కూడా దీంతో దశ తిరిగిపోలేదు, పోయిన ఏడాది నెదర్లాండ్స్ నుంచి 14 ఆర్డర్లు వచ్చాయి, ఇల్లు గడిచేది ఇప్పటికీ హైదరాబాద్ షాపుల మీదా, అమెరికాలో మనవాళ్ళ మీదా. కానీ ఆ 14లో ముగ్గురు రెండోసారి కొన్నారు, ఒకావిడ ఆరు మీటర్లు. మామగారు ఆ డిజైన్ అచ్చు అరిగిపోయిందని కొత్తది చెక్కిస్తున్నారు, టేకు ముక్క నిన్ననే వచ్చింది.