సేఫా, లెస్సా? సంస్థ మొత్తానికి అజైల్ అంటే ఏది మేలు?

సాఫ్ట్‌వేర్ పనిని చిన్న చిన్న విడతల్లో చేస్తూ, చూసుకుని మార్చుకుంటూ పోయే పద్ధతి అజైల్; దాన్ని ఒక టీములో నడిపే తీరు స్క్రమ్. అదే తీరును చాలా టీములకు పాకించే ఫ్రేమ్‌వర్కులు సేఫ్ (SAFe), లెస్ (LeSS). రెండు మూడు టీముల్లో స్క్రమ్ కుదురుకోగానే వచ్చే ప్రశ్నే ఇది. సర్టిఫికెట్లు, రోల్స్ పేర్లు పక్కనపెట్టి నేను చూసేది ఒక్కటే: టీముల మధ్య డిపెండెన్సీల (ఒక టీము పని ఇంకో టీము కోసం ఆగడం) సంగతి ఆ పద్ధతి ఏం చేస్తుంది?

డీన్ లెఫింగ్‌వెల్ 2011లో తెచ్చిన సేఫ్‌లో 50 నుంచి 125 మంది కలిస్తే ఒక రిలీజ్ ట్రెయిన్, అంటే కలిసి ప్లాన్ చేసి కలిసి పని అందించే టీముల గుంపు. 8 నుంచి 12 వారాలకోసారి అందరూ రెండు రోజులు కూర్చుని పీఐ ప్లానింగ్ (రాబోయే ఆ వారాల పనికి ఉమ్మడి ప్లాన్) చేస్తారు. బోర్డు మీద టీముకో వరుస, ఎవరి పని ఎవరి కోసం ఆగుతుందో చూపే ఎర్ర దారాలు. అవి అందరి కళ్లబడటమే పెద్ద మేలు, కాదనను. అంతకుముందు అవి ఎవరి మెయిల్‌లోనో మూలుగుతుంటాయి. చిక్కల్లా తర్వాతి ప్లానింగ్‌లో. మళ్లీ అవే టీములు, అవే దారాలు. పేమెంట్స్ టీము ఏపీఐ (తమ కోడ్‌ను మిగతావాళ్లు వాడుకునే దారి) ఇస్తేగానీ యాప్ టీము కదలదు, సెక్యూరిటీ వాళ్లు సరేనంటేగానీ ఇద్దరూ కదలరు. ఆ ముడి విప్పి తీరాలని సేఫ్ పట్టుబట్టదు.

క్రెయిగ్ లార్మన్, బాస్ వొడ్డెల లెస్ అసలు ముడే పడనివ్వొద్దంటుంది. ఎనిమిది టీముల దాకా ఒకే ప్రొడక్ట్ ఓనర్ (ఏ పని ముందో తేల్చే మనిషి), ఒకే బ్యాక్‌లాగ్ (చేయాల్సిన పనుల జాబితా), ఒకే స్ప్రింట్ (పని విడత). (అంతకు మించితే లెస్ హ్యూజ్ అనే దాని పెద్ద రూపం.) సాఫ్ట్‌వేర్‌లో ఒక్కో భాగాన్ని మాత్రమే చూసుకునే కాంపొనెంట్ టీముల బదులు ఫీచర్ టీములు: పని తీసుకున్న టీమే స్క్రీన్ నుంచి డేటాబేస్ దాకా ఏ కోడ్‌లోనైనా చెయ్యి పెట్టొచ్చు. ఇది ఊరికే రాదు. మొదట్లో వేగం పడిపోతుంది. ఆటోమేటెడ్ టెస్టులు లేకపోతే ఒకరు రాసింది ఇంకొకరు చెడగొడతారు. కాంపొనెంటుకో మేనేజరున్న చోట ఆ కుర్చీలకే పని లేకుండా పోతుంది. పెద్ద సంస్థలు సేఫ్ వైపు మొగ్గడానికి అసలు కారణం ఈ చివరిదేనని నా అనుమానం.

నెక్సస్ అనే ఇంకో ఫ్రేమ్‌వర్క్ మూడు నుంచి తొమ్మిది టీములకు చక్కగా సరిపోతుంది, సంస్థ నిర్మాణం జోలికి పోదు. స్పాటిఫై మోడలంటే 2012లో ఆ మ్యూజిక్ కంపెనీ తన అప్పటి పద్ధతి గురించి చెప్పుకున్న ముచ్చట. వాళ్లలా టీముని స్క్వాడ్ అన్నంత మాత్రాన ఏమీ మారదు.

టీముల కూర్పు మార్చడానికి పైవాళ్లు సిద్ధమైతే నా ఓటు లెస్‌కే. హార్డ్‌వేర్, బయటి వెండర్లు, గట్టి ఆడిట్లు ఉన్నచోట సేఫే నడుస్తుంది. అదే తీసుకుంటే ప్రతి ప్లానింగ్ అయ్యాక బోర్డును ఫొటో తీసి దాచండి. వరసగా రెండుసార్లు అదే జంట మధ్య దారం కనబడిందంటే, ముందుగా కలపాల్సిన టీములు ఆ రెండే.