గూగుల్ స్కాలర్ ప్రొఫైల్: ఏళ్ల తరబడి వాడాక నా మాట

హైదరాబాద్ శివారు ఇంజనీరింగ్ కాలేజీల్లో నలుగురు లెక్చరర్లు ఒకచోట చేరితే, జీతాల గోల అయ్యాక వచ్చే మాట హెచ్-ఇండెక్సే, అంటే మన పేపర్లను ఎంతగా ఉదహరించారో చెప్పే అంకె. నాది నీటి రసాయనశాస్త్రం; మూసీ నీళ్లు, నల్లగొండ ఫ్లోరైడ్ నా పని. స్కోపస్ (పరిశోధన పేపర్ల డేటాబేస్), ఆర్కిడ్ (పరిశోధకుల గుర్తింపు నంబర్), విద్వాన్ (మన దేశపు పరిశోధకుల జాబితా) ప్రొఫైళ్లు కాలేజీ అడిగింది కాబట్టి పెట్టుకున్నాను. ఎవరూ అడగకుండా నాకై నేను తెరిచేది మాత్రం పరిశోధన పేపర్లు వెతికిపెట్టే గూగుల్ స్కాలరే.

ముందు మంచి చెప్పాలి. పైసా కట్టక్కర్లేదు. జర్నల్ పేపర్లే కాదు, థీసిస్‌లు, కాన్ఫరెన్స్ పేపర్లు, పుస్తకాలు, సంస్థల రిపోర్టులు కూడా లెక్కలోకి తీసుకుంటుంది. సైటేషన్ల (మన పేపర్‌ని ఉదహరించినవాటి) అంకె మీద నొక్కితే మన పేపర్‌ని ఎవరు వాడుకున్నారో వరుసగా వస్తుంది. ఫ్లోరైడ్ బాధ రాజస్థాన్‌లోనూ ఉంది కదా, అక్కడి పీహెచ్‌డీ విద్యార్థి ఒకరు నా పద్ధతిని తమ బావులకు వాడి చూశారని నాకు ఇలాగే తెలిసింది. అలర్ట్ పెట్టుకుంటే ఈ కబురు మెయిల్‌కే వస్తుంది. ఈ ఒక్క పనికే దీన్ని వదలలేను.

పేర్ల దగ్గరే అసలు తలనొప్పి. మనకు ఇంటిపేరు ముందు వస్తుంది, అదీ పొడి అక్షరంగా. జర్నల్ వాళ్లేమో చివరి మాటే ఇంటిపేరనుకుంటారు. దాంతో ఊళ్లో ఉన్న కె. శ్రీనివాసరావులందరూ 'రావు' కింద చేరతారు, రెడ్డిలందరూ 'రెడ్డి' కింద. పేపర్లు వాటంతటవే చేరే సెట్టింగ్ ఉంచితే, ఏదో ఒకరోజు మనకు తెలియని గుండె ఆపరేషన్ పేపర్ మన ఖాతాలో ఉంటుంది. ఆ సెట్టింగ్ మార్చి, ముందు మెయిల్‌లో అడిగి తర్వాతే చేర్చేలా పెట్టుకోండి. స్కోపస్‌ది తిరకాసు వేరు: ఒకే మనిషిని రెండు మూడు ఐడీలుగా విడగొడుతుంది. పెళ్లయ్యాక ఇంటిపేరు మార్చుకున్న ఆడవాళ్లకు ఇది మరీ ఎక్కువ. అడిగితే కలుపుతారు, కానీ అడగాలని చాలామందికి తెలియదు. 2012లో వచ్చిన ఆర్కిడ్ పదహారు అంకెల నంబర్ ఇస్తుంది. పేపర్ పంపేటప్పుడే అది ఇస్తే ఈ గొడవ చాలావరకు తప్పుతుంది.

ఇక హెచ్-ఇండెక్స్. 2005లో హర్ష్ అనే భౌతికశాస్త్రవేత్త ప్రతిపాదించిన లెక్క ఇది. పన్నెండు పేపర్లకు తలా కనీసం పన్నెండు సైటేషన్లుంటే మీది 12. ఐ10 గూగుల్ సొంత లెక్క: పది సైటేషన్లు దాటినవి, పదే ఉన్నవి కలిపి ఎన్ని పేపర్లని. ఈ అంకెల్లో మన పేపర్‌ని మనమే ఉదహరించుకున్నవి కూడా కలిసిపోతాయి. స్కోపస్‌లో వాటిని తీసేసి చూసే వీలుంది, స్కాలర్‌లో లేదు. 2010లో సిరిల్ లాబే అనే ఫ్రెంచ్ పరిశోధకుడు లేని మనిషిని పుట్టించి, ఒకదాన్నొకటి ఉదహరించుకునే ఉత్తుత్తి పేపర్లు తయారుచేసి, ఆ మనిషికి స్కాలర్‌లో 94 హెచ్-ఇండెక్స్ తెప్పించాడు. ఈ సంగతి తెలిసీ మా కాలేజీ కమిటీ ప్రొఫైల్ మొదటి పేజీ ప్రింటు తీసి అంకె రాసుకుంటుంది. లోపలికెళ్లి ఒక్క పేపరూ తెరవదు. ఒకసారి స్కాలర్ ఏవో డూప్లికేట్లు కలిపేయడంతో నా సైటేషన్లు తగ్గాయి. "ఎందుకు తగ్గాయి మేడం?" అని నన్నే సంజాయిషీ అడిగారు! అదే వరుసలో కూర్చునే మ్యాథ్స్ మేడం అంకెను, నానో మెటీరియల్స్ సార్ అంకెను పక్కపక్కన పెట్టి పోల్చడం ఇంకో అన్యాయం. గణితంలో సైటేషన్లు నిదానంగా వస్తాయి, అవీ తక్కువే.

ఎవరితో కలిసి పనిచేశామో చూపడంలో స్కాలర్ బాగా వీక్. ప్రొఫైల్ ఉండి, మనం చేర్చుకున్నవాళ్లే కో-ఆథర్ల జాబితాలో కనిపిస్తారు. మర్రిగూడ బోర్ల దగ్గర ఎండలో నిలబడి శాంపిళ్లు పట్టినతను నా పేపర్‌లో రచయితే. ప్రొఫైల్ లేదు కాబట్టి పక్క జాబితాలో లేడు. మొదటి పేరైనా ఏడో పేరైనా సైటేషన్ లెక్క ఒకటే. సంస్థలవారీగా చూడాలంటే 2022లో మొదలైన ఓపెన్‌అలెక్స్ అనే పేపర్ల డేటాబేస్ మేలు, అదీ ఉచితమే. పైగా కేంద్రం కాలేజీలకిచ్చే ఎన్ఐఆర్ఎఫ్ ర్యాంకులకు చూసేది స్కోపస్, దానిలాంటిదే అయిన వెబ్ ఆఫ్ సైన్స్ లెక్కలు. స్కాలర్ అంకె ఎంత పెరిగినా కాలేజీకి అక్కడ ఒరిగేదేమీ లేదు.

కొత్తగా తెరిచేవాళ్లకు ఒక్క మాట. ప్రొఫైల్ సొంత జీమెయిల్‌తోనే తెరవండి, కాలేజీ మెయిల్ వెరిఫికేషన్‌కు మాత్రమే ఇవ్వండి. ఈ ఊళ్లో మనం కాలేజీలు మారుతూనే ఉంటాం. మా స్నేహితురాలు కాలేజీ మెయిల్‌తోనే తెరిచింది. ఉద్యోగం మానిన వారంలో లాగిన్ ఆపేశారు, పేపర్లన్నీ కొత్త ప్రొఫైల్‌లో మొదట్నుంచీ ఎక్కించుకోవాల్సి వచ్చింది.