బీఎంఎస్‌కు కలిపిన ఐపీ కెమెరాలు: మూడేళ్ల వాడకం తర్వాత

నల్లగొండ గడియారం సెంటర్ దగ్గర మా ఐదంతస్తుల కాంప్లెక్స్‌లో లిఫ్టులు, జనరేటర్, సంపు మోటార్లు, ఫైర్ అలారం అన్నీ ఒకే బీఎంఎస్ (బిల్డింగ్‌లోని యంత్రాలన్నిటినీ ఒకేచోట నుంచి చూసుకునే కంప్యూటర్ వ్యవస్థ) స్క్రీన్ మీద ఉంటాయి. ఐపీ కెమెరాలను (నెట్‌వర్క్ కేబుల్ మీద నడిచే సీసీ కెమెరాలు) కూడా దానికి కలిపి మూడేళ్లు దాటింది. మెయింటెనెన్స్ చూసేది నేనే కాబట్టి ధైర్యంగా చెప్పగలను: పెట్టిన డబ్బు దండగ కాలేదు. అయితే కెమెరా ఏ కంపెనీదన్న దానికంటే, కలిపే ముందు చేసుకున్న తయారీయే మాకు ఎక్కువ అక్కరకొచ్చింది.

సంపులో నీళ్లు తగ్గితే మోటార్ గది కెమెరా బొమ్మ స్క్రీన్ మీద దానంతటదే తెరుచుకుంటుంది. మూడో అంతస్తులో పొగ డిటెక్టర్ మోగితే అక్కడి మెట్ల బొమ్మ ముందుకొస్తుంది. మనిషి పైకి చేరేలోపే పొగ నిజమో కాదో తెలిసిపోతుంది. ఈ ఒక్కదానికే నేను ఎవరికైనా కలపమని చెబుతాను.

కొనేటప్పుడు డబ్బా మీద ఆన్‌విఫ్ (వేర్వేరు కంపెనీల కెమెరాలు, సాఫ్ట్‌వేర్‌లు కలిసి పనిచేయడానికి పెట్టుకున్న ప్రమాణం) అని ఉంటే సరిపోదు, అందులో ఏ ప్రొఫైలో అడగండి. మామూలు వీడియోకు ఎస్ చాలు, హెచ్.265 (వీడియోను తక్కువ జాగాలోకి కుదించే పద్ధతి) కావాలంటే టీ ఉండాలి. బీఎంఎస్ కూడా అదే ప్రొఫైల్‌ను తీసుకోవాలి. మోడల్ నంబర్‌ను ఆన్‌విఫ్ వెబ్‌సైట్‌లో వెతికితే అసలు సంగతి తేలుతుంది.

అన్నిటికంటే టెన్షన్ పెట్టింది టైమ్. ఒకసారి మే నెల గాలివానకు కరెంటు పోయి, యూపీఎస్ కూడా దిగిపోయింది. కరెంటు వచ్చాక వాచ్‌మన్ ఫోన్ చేశాడు: "సార్, టీవీల బొమ్మ మంచిగనే వస్తుంది, కంప్యూటర్ల మాత్రం వస్తలేదు." పాస్‌వర్డ్ సరైనదే, పింగ్ వస్తోంది (అంటే కెమెరా నెట్‌వర్క్‌లో దొరుకుతోంది), బీఎంఎస్ నుంచి లాగిన్ మాత్రం కావట్లేదు. చూస్తే కెమెరాల గడియారం 1970లో ఉంది! ఆన్‌విఫ్ లాగిన్‌లో పాస్‌వర్డ్‌తో పాటు టైమ్ కూడా వెళ్తుంది, తేడా ఎక్కువైతే కెమెరా ఒప్పుకోదు. ఇన్‌స్టాల్ చేసినవాళ్లు ఇంటర్నెట్‌లోని టైమ్ సర్వర్ పెట్టారు. భద్రత కోసం వేరుచేసిన కెమెరాల వీల్యాన్‌కేమో (మిగతా నెట్‌వర్క్‌తో కలవని విడి భాగం) ఇంటర్నెట్ లేదు. టైమ్ సర్వర్‌గా ఎన్‌వీఆర్ (కెమెరాల వీడియో రికార్డ్ చేసే పెట్టె) అడ్రస్ ఇచ్చాక ఆ సమస్య మళ్లీ రాలేదు.

కేబుల్ దగ్గర కూడా ఆ ఇన్‌స్టాల్ చేసినవాళ్లు మమ్మల్ని మోసమే చేశారు. కెమెరాకు కరెంటు కూడా వెళ్లే కేబుల్‌కు రాగి పూత వేసిన అల్యూమినియం తీగ లాగారు. టెర్రస్ కెమెరా పగలంతా బాగుండి, చీకటి పడి ఐఆర్ లైట్లు (చీకట్లో చూడటానికి కెమెరాలో ఉండేవి) వెలగగానే ఆగి మళ్లీ మొదలయ్యేది. అసలు రాగి క్యాట్6 నెట్‌వర్క్ కేబుల్ వేశాక కుదురుకుంది. స్విచ్ నుంచి కెమెరాకు 100 మీటర్లు దాటనివ్వకండి.

4 ఎంబీపీఎస్ (సెకనుకు 4 మెగాబిట్లు) వీడియో పంపే కెమెరా రోజంతా రికార్డ్ చేస్తే సుమారు 43 జీబీ, 30 రోజులకు 1.3 టీబీ అవుతుంది. హార్డ్‌డిస్క్ ఆ లెక్కన కొనండి. బీఎంఎస్‌కు సబ్‌స్ట్రీమ్ (కెమెరా పంపే తక్కువ క్వాలిటీ రెండో వీడియో) ఇస్తే చాలు, స్క్రీన్ ఆగకుండా నడుస్తుంది. బీఎంఎస్‌కు కెమెరాల అడ్మిన్ పాస్‌వర్డ్ ఇవ్వొద్దు, విడిగా ఒక యూజర్ పెట్టండి.

నచ్చనివీ ఉన్నాయి. ఫర్మ్‌వేర్ (కెమెరా లోపలి సాఫ్ట్‌వేర్) మార్చినప్పుడల్లా అలారం లింకులు ఒక్కొక్కటిగా మోగించి చూసుకోవాలి. మా బీఎంఎస్‌లో ఒక్కో కెమెరాకు విడి లైసెన్స్, కొటేషన్‌లోనే అడిగి రాయించుకోండి. అందుకే మేం సంపు, జనరేటర్, మెట్లు, లిఫ్ట్ లాబీలు, టెర్రస్ తలుపు మాత్రమే కలిపాం. షాపుల ముందున్నవి ఎన్‌వీఆర్‌లోనే ఉన్నాయి, వాటితో ఇబ్బందేమీ రాలేదు.