సర్ఫేస్ డ్రైవ్ బోటుకు గాలి పైపులు: కొన్నేళ్లు వాడాక నా మాట

సర్ఫేస్ డ్రైవ్ బోటు, అంటే ప్రొపెల్లర్ సగం నీళ్ల పైన తేలి తిరిగే బోటు, ఒకసారి ప్లేన్ ఎక్కిందంటే, అంటే పైకి లేచి నీటి మీద జారడం మొదలుపెట్టిందంటే, ఇక దాని మీద ఎవరికీ ఫిర్యాదు ఉండదు. గొడవంతా ఎక్కేదాకానే. దుబాయ్‌లో ఒక యాభై అడుగుల బోటుకు ఇంజిన్ పని నేనే చూస్తాను. రెండు టర్బో డీజిల్ ఇంజిన్లు, వెనక స్టీరింగ్, ట్రిమ్ (డ్రైవ్‌ని పైకీ కిందికీ వంచే సౌకర్యం) రెండూ ఉన్న డ్రైవ్‌లు. పాత బోటే, కానీ యజమానికి దాని మీద మమకారం. దాని మీద పెట్టించిన ఖర్చులన్నిట్లో నాకు నచ్చింది ఒక్కటే, ట్రాన్సమ్ (బోటు వెనక గోడ) మీదుగా ప్రొపెల్లర్ల దగ్గరికి దించిన గాలి పైపులు. సర్ఫేస్ డ్రైవ్ వల్ల వచ్చే స్పీడు, డీజిల్ ఆదా, లోతు తక్కువ నీళ్లలో సుఖం, ఇవన్నీ అందరికీ తెలిసినవే కాబట్టి వదిలేస్తున్నాను.

పైపులు లేని రోజుల్లో సంగతి చెబుతాను. థ్రాటిల్ తోస్తే వెనక భాగం కూరుకుపోయేది, ముక్కు ఆకాశం చూసేది, ఎదురుగా ఏముందో కెప్టెన్‌కి కనపడేది కాదు. ఆర్‌పీఎం పదమూడు వందల దగ్గర అతుక్కుపోయేది. వెనక నల్లటి పొగ. నిండు లోడు లారీని ఘాట్ రోడ్డు మీద మూడో గేర్లో కదిలించబోయినట్టు ఉండేది వ్యవహారం. ఒక్కోసారి నిమిషం దాకా అలాగే మూలుగుతూ, చివరికి ఎలాగో గట్టెక్కేది. ఆ నిమిషంలో ఎగ్జాస్ట్ టెంపరేచర్ మీటర్ చూస్తూ నేను పడే టెన్షన్ నాకే తెలుసు.

ఈ ప్రొపెల్లర్‌ని సగం నీళ్లలో, సగం పైన తిరిగేలా లెక్కగట్టి చేస్తారు. బోటు నెమ్మదిగా ఉన్నప్పుడు మాత్రం అది పూర్తిగా మునిగే ఉంటుంది. అంటే ఇంజిన్ మీద పడే బరువు లెక్కగట్టిన దానికంటే చాలా ఎక్కువ. ఇంజిన్‌లోకి టర్బో గట్టిగా గాలి ఊదాలంటే ఇంజిన్ తిరగాలి, ఇంజిన్ తిరగాలంటే ప్రొపెల్లర్ బరువు తగ్గాలి, ఆ బరువు తగ్గాలంటే బోటు ప్లేన్ ఎక్కాలి. పైపు ఈ ముడిని మధ్యలో తెంచుతుంది. స్టీల్ గొట్టం పై మూతి నీటి మట్టానికి బాగా పైన, కింది మూతి రెక్కలకు కాస్త ముందు. ప్రొపెల్లర్ తిరిగే చూషణకే గాలి కిందికి దిగుతుంది, మోటారేమీ అక్కర్లేదు. నీళ్లలో గాలి కలిసేసరికి రెక్కలకు పట్టు కొంచెం తగ్గి, ఇంజిన్ గబగబా పైకి తిరిగి, టర్బో అందుకుంటుంది. బోటు లేచాక ట్రాన్సమ్ వెనక ఎలాగూ నీళ్లు ఉండవు, పైపుకి ఇక పని లేదు.

బిగించాక మొదటిసారి బయటికి తీసుకెళ్లినప్పుడు కెప్టెన్ థ్రాటిల్ సగం కూడా తోయకముందే ముక్కు దిగిపోయింది. ఆయన వెనక్కి తిరిగి నన్నే చూశాడు, నేనేదో ఇంజిన్లో మార్చేశానని. నల్ల పొగ కూడా అంతంత మాత్రమే. ట్రాన్సమ్ మీద మసి తుడిచే పని తగ్గిందని డెక్ మీద కుర్రాళ్లు నాకంటే ఎక్కువ సంతోషించారు.

ఇక అసలు కథ. ఒక ఏడాది చలికాలం సీజన్ ముందు బోటుని యార్డులో పైకి లేపి అడుగున నాచు, గుల్లలు పట్టకుండా యాంటీఫౌలింగ్ పెయింట్ వేయించారు. దింపాక యజమాని చుట్టాలతో బయల్దేరాం. బ్రేక్‌వాటర్ (రేవుకి అలలు రాకుండా కట్టిన రాళ్ల కట్ట) దాటి థ్రాటిల్ తోస్తే ఎడమ ఇంజిన్ రెండు వేలు దాటింది, కుడిది పదమూడు వందల దగ్గరే ఆగిపోయింది. బోటు కుడికి లాగుతోంది. కెప్టెన్ వెంటనే తగ్గించేశాడు. ఫిల్టర్లు మార్చాను. ఎయిర్ ఇన్‌టేక్ చూశాను, టర్బో షాఫ్ట్ చేత్తో తిప్పి చూశాను, సాఫీగానే ఉంది. ఇంజిన్ టెక్నీషియన్ లాప్‌టాప్ పెట్టి చూసి ఫాల్ట్ కోడ్ ఒక్కటీ లేదన్నాడు. లేదంటూనే ఇంజెక్టర్లు విప్పుదామా అన్నాడు, అదో పెద్ద బిల్లు.

విప్పే ముందు ఇంకొకసారి నడిపి చూద్దామని బయటికి తీశాం. మా దగ్గర ఉప్పాడ కుర్రాడు ఒకడున్నాడు, చిన్నప్పటి నుంచి సముద్రం మీదే పెరిగినవాడు. వెనక స్విమ్ ప్లాట్‌ఫామ్ మీద నిలబడి నీళ్లకేసే చూస్తున్నాడు. "అన్నా, ఎడం పక్క తెల్లగా నురగొస్తంది గానీ, కుడి పక్క బుడగ కూడా లేదేంటి?" అన్నాడు. కుడి పైపు పై మూతి మీద అరచెయ్యి పెట్టాను. చూషణ లేదు. ఎడమ దాని మీద పెడితే చర్మాన్ని లోపలికి లాగేసింది. బోటు ఆపి, ఇంజిన్లు ఆర్పించి, ఆ కుర్రాడే నీళ్లలోకి దిగాడు. కుడి పైపు కింది మూతి ఉండాల్సిన చోట వేలికి నున్నగా తగిలిందట. పెయింటు లోపలికి పోకుండా యార్డువాళ్లు మాస్కింగ్ టేప్ వేశారు. ఎడమవైపుది పీకారు, కుడివైపుది మర్చిపోయి, దాని మీదే పెయింటు కొట్టేశారు. చూస్తే మూతి ఉన్నట్టే తెలియదు. గోరుతో పీకేసి పైకొచ్చాడు. తర్వాత రెండు ఇంజిన్లూ జోడెడ్లలా లేచాయి.

"టేపులన్నీ తీసినట్టు మా షీట్‌లో టిక్కు ఉంది" అన్నారు యార్డువాళ్లు. టెక్నీషియన్ బిల్లు మేమే కట్టుకున్నాం. ఆ పీకిన టేపు ముక్క ఇప్పటికీ ఇంజిన్ రూమ్ గోడకి అంటించి ఉంది. అప్పట్నుంచి బోటు నీళ్లలో పడిన ప్రతిసారీ ముందు చూసేది ఆ పైపుల మూతులే. బార్నకిల్స్ (బోటుకి అంటుకునే సముద్రపు గుల్లలు) కూడా ఆ గొట్టం అంచునే ఇష్టపడతాయి, డైవర్ వచ్చినప్పుడల్లా స్క్రూడ్రైవర్ పెట్టి గీకించాల్సిందే.

పైన థ్రాటిల్ సగం కూడా తోయకముందే అన్నాను కదా, అది జనవరిలో, ట్యాంకులు సగం ఉన్నప్పటి మాట. ఆగస్టులో ఇక్కడ సముద్రం నీళ్లే 34 డిగ్రీల దాకా ఉంటాయి. టర్బో పంపే గాలిని ఆఫ్టర్‌కూలర్ చల్లబరచాల్సింది ఆ నీళ్లతోనే కాబట్టి ఇంజిన్‌లో ఆ బలం ఉండదు. ఆ నెలల్లో నిండు ట్యాంకులు, వెనక జెట్ స్కీ, పది మంది అతిథులు ఉంటే పైపులున్నా సరే ట్యాబ్స్ (వెనక భాగాన్ని పైకి లేపే రేకులు) పూర్తిగా దించి, కాస్త ముందుకెళ్లి కూర్చోండి అని అతిథుల్ని బతిమాలుకోవాల్సిందే. అడుగున నాచు పట్టినా అంతే.

ఇంకో చిక్కు, గాలి మరీ ఎక్కువైతే ప్రొపెల్లర్లు ఉత్తినే గిర్రున తిరుగుతాయి, బోటు ఉన్నచోటే ఉంటుంది. మాకు స్టీరింగ్ పక్కన నాబ్‌తో నడిచే బటర్‌ఫ్లై వాల్వ్‌లు (పైపులో గాలిని తెరిచి మూసే బిళ్లలు) పెట్టారు. తెరిచి బయల్దేరి, ముక్కు దిగడం మొదలవగానే మూసెయ్యాలి. మెరీనాలో (బోట్లు కట్టే రేవులో) అవి మూసే ఉండాలి. పక్కగాలిలో బెర్త్‌కి (బోటు కట్టే చోటికి) చేరేటప్పుడు తెరిచి ఉంటే గేర్ వేసినా పట్టు దొరకదు. అసలే సర్ఫేస్ డ్రైవ్‌లకి రివర్స్ అంతంత మాత్రం. మా కెప్టెన్ సెలవులో ఉంటే బదులు వచ్చే కెప్టెన్లకి ఇది అలవాటయ్యే లోపు ఫెండర్లు (బోటు పక్కల వేలాడే రబ్బరు దిండ్లు) నలుగుతాయి.

రెండు స్పీడుల గేర్‌బాక్స్ అసలైన మందు అనేవాళ్లున్నారు, కాదనను. మా ఇంజిన్ రూమ్‌లో దానికి చోటు లేదు, యజమానికి ఆ ఖర్చు మనసూ లేదు. ప్రొపెల్లర్ పిచ్ (రెక్కల వంపు) తగ్గించి చూశాం, ప్లేన్ ఎక్కడం తేలికైంది గానీ టాప్ స్పీడు పోయింది, ఆయన ఒప్పుకోలేదు. ట్రిమ్ కొంచెం ఎత్తి మొదలుపెట్టడం మాకు పనిచేస్తుంది, పక్క బెర్త్ బోటుకి పూర్తిగా దించితేనే పని. సర్ఫేస్ డ్రైవ్‌లు తయారుచేసిన హోవర్డ్ ఆర్నెసన్ పెట్టిన ట్రిమ్ సౌకర్యం ఉన్నవాళ్లు ఈ ప్రయోగం చేసుకోవచ్చు. కరాచీలో పుట్టి, బొంబాయిలో బోట్లు కట్టి, ఇటలీ వెళ్లిన బోటు డిజైనర్ సనీ లెవీ తరహా కదలని డ్రైవ్ ఉన్నవాళ్లకి ఆ వీలు లేదు కాబట్టి గాలి పైపు ఇంకా అవసరం.

తేలికైన రేస్ బోటు, లేదా కింది ఆర్‌పీఎంలోనే బలం ఉన్న పెద్ద పెట్రోల్ ఇంజిన్లు ఉన్నవాళ్లు దీని జోలికి వెళ్లకపోయినా పర్లేదు. మాలాగా బరువైన పాత డీజిల్ బోటైతే ముందు ఇదే చేయించమంటాను, వాల్వ్ లేకుండా మాత్రం వద్దు. ఖర్చు ఇంత అని చెప్పలేను, ఎందుకంటే మాది ఎలాగూ పెయింటుకి పైకి లేచినప్పుడే వెల్డింగ్ అయిపోయింది. దీని కోసమే లేపాలంటే వేసవిలో, యార్డులు ఖాళీగా ఉన్నప్పుడు బేరమాడండి. దింపే ముందు పైపు పై మూతిలో బాటిల్ నీళ్లు పోసి, కింద నుంచి కారుతున్నాయో లేదో మీరే చూసుకోండి.